మెట్ల మీద బడి: యుద్ధకాలంలో పిల్లల మనసు కాచిన ఉపాధ్యాయులు

చరిత్ర పుస్తకాలలో యుద్ధాల గురించి చదివేటప్పుడు మనకు కనిపించేవి తేదీలు, సేనానుల పేర్లు, సంధిపత్రాలు. తరగతిలో మేమూ అవే చెబుతుంటాము. పరీక్షలో అడిగేవి అవే కదా! కాని యుద్ధం సాగుతున్న ఊళ్ళో ఒక పదేళ్ళ పిల్లవాడు పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా ఏం చేశాడు, వాడి పక్కన ఎవరు కూర్చున్నారు అనే ప్రశ్న మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా రాదు. మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని పెద్దలు ఆజ్ఞాపించినప్పుడు మాకు ముందుగా తట్టింది ఆ ప్రశ్నే. దానికి జవాబు చెప్పగలిగిన ఊరు ఒకటుంది. ఆ ఊరి పేరు సారయేవో. మన పత్రికల్లో సారాజెవో అని కూడా వ్రాస్తుంటారు.

బోస్నియా దేశానికి రాజధాని అది. నాలుగు శతాబ్దాలు ఉస్మానియా సుల్తానుల ఏలుబడిలో ఉన్న నగరం. గాజీ ఖుస్రౌ బేగ్ అనే గవర్నరు అక్కడ మసీదు కట్టించి, 1537లో ఒక మదర్సా స్థాపించాడు. ఆ మదర్సా నేటికీ నడుస్తోంది. మసీదు నుంచి కొంచెం దూరం నడిస్తే చాలు, కేథలిక్కుల చర్చి, సెర్బుల ఆర్థొడాక్స్ చర్చి, యూదుల ప్రార్థనాలయం కనిపిస్తాయి. అన్ని మతాల వాళ్ళూ ఒకే మెట్ల దారిలో ఎక్కి దిగుతూ, ఒకే భవనంలో కాపురాలుండే ఊరు అది. 1984లో చలికాలపు ఒలింపిక్ పోటీలు కూడా అక్కడే జరిగాయి.

యుగోస్లావియా ముక్కలైనప్పుడు, 1992 ఏప్రిల్ 5న ఆ ఊరిని సెర్బు సేనలు చుట్టుముట్టాయి. చుట్టూ కొండలు, మధ్య లోయలో ఊరు. కొండ మీద ఫిరంగి ఉన్నవాడికి కింద వీధిలో నడిచే మనిషి స్పష్టంగా కనపడతాడు. 1996 ఫిబ్రవరి 29 దాకా, అంటే 1,425 రోజులు ముట్టడి సాగింది. కరెంటు లేదు, కుళాయిలో నీళ్ళు లేవు, గ్యాసు ఎప్పుడొస్తుందో తెలియదు. చలికాలంలో కుర్చీలు, చెప్పులు, చివరికి పుస్తకాలు కూడా పొయ్యిలో పెట్టి చలికాచుకున్నారు. 1992 మే 17న ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ మీద గుండ్లు పడి వేలాది అరబీ, ఫార్సీ, తుర్కీ వ్రాతప్రతులు బూడిదయ్యాయి. ఆగస్టులో జాతీయ గ్రంథాలయం తగలబడింది. ఉర్దూ చదివి బ్రతుకుతున్న మాబోటివాళ్ళకు ఈ రెండు వాక్యాలు వ్రాయడమే కష్టం. ఒక్క ఊరట ఏమంటే, గాజీ ఖుస్రౌ బేగ్ గ్రంథాలయంలోని వ్రాతప్రతులను అక్కడి సిబ్బంది అరటిపళ్ళ పెట్టెల్లో పెట్టి, ఒక చోటినుంచి మరొక చోటికి మార్చుకుంటూ ముట్టడి పొడుగునా కాపాడారు.

ఇక పిల్లల మాట. 1993 వేసవిలో సారయేవోలో 1,505 మంది పిల్లలను యూనిసెఫ్ విచారించింది. వాళ్ళలో 97 శాతం మంది తమ దగ్గరలోనే ఫిరంగి గుండు పడటం ఎరుగుదురు. 55 శాతం మంది మీద చాటునుంచి తుపాకీ కాల్పులు జరిగాయి. 66 శాతం మంది ఏదో ఒక సమయంలో ఇక చచ్చిపోతామనుకున్నారు. నూటికి 20 మందికి భయంకరమైన కలలు. నూటికి 29 మంది తమ దుఃఖం భరించలేనిదని చెప్పారు. ఇట్లాంటి పిల్లలను నాలుగు గోడల మధ్య, చీకట్లో, పనీ పాటా లేకుండా కూర్చోబెడితే ఏమవుతుంది? బయటి గుండు దెబ్బ శరీరానికి తగలకపోయినా, ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మనసు లోపల లోపలే అరిగిపోతుంది. తల్లిదండ్రులకైనా ఎంత ఓపిక ఉంటుంది? నీళ్ళ క్యూ, రొట్టె క్యూ, కట్టెల వేట, వాటిలోనే వాళ్ళకు పొద్దు గడిచిపోయేది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది దొరలూ కాదు, డాక్టర్లూ కాదు. బడిపంతుళ్ళు, పంతులమ్మలు.

బడులు 1992 ఏప్రిల్‌లోనే మూతపడ్డాయి. చాలా బడి భవనాలు పాడైపోయాయి. కొన్నిటిలో ఇళ్ళు పోయినవాళ్ళు తలదాచుకున్నారు, కొన్నిటిని సైనికులు వాడుకున్నారు. మూడవ జిమ్నాజియం అనే పేరున్న ఉన్నత పాఠశాల భవనం సరిగ్గా పోరాటరేఖ మీదే పడింది. అయినా ఆ వేసవిలోనే కొన్ని పేటల్లో ఉపాధ్యాయులు తమ భవనంలోని పిల్లలను మెట్ల దారిలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. మెట్ల దారే ఎందుకంటే, దానికి కిటికీలు తక్కువ, చుట్టూ గోడలెక్కువ. అంటే ఉన్నంతలో భద్రమైన చోటు. కింది మెట్టు మీద చిన్నపిల్లలు, పై మెట్ల మీద పెద్దపిల్లలు. ఆ బడులకు మెట్ల బడులని పేరు కూడా వచ్చింది. నేలమాళిగలు, ఖాళీ ఫ్లాట్లు, మూసివేసిన దుకాణాలు, ఏది దొరికితే అది తరగతి గది అయింది. దోబ్రిన్యా అనే పేట ఒలింపిక్స్ కోసం కట్టింది. ముట్టడిలో ఉన్న ఊళ్ళో మళ్ళీ దాన్ని విడిగా ముట్టడించారు. భవనం నుంచి భవనానికి పోవాలంటే కందకాలు తవ్వుకుని వంగి నడవాలి. అక్కడ కూడా బడి నడిచింది.

దీనిలో ఉన్న తెలివి గమనించదగినది. మామూలు రోజుల్లో పిల్లలు బడికి నడుస్తారు. ఆ రోజుల్లో బడే పిల్లల దగ్గరికి నడిచింది. ముప్ఫైమంది పిల్లలు వీధి దాటి ఒక పంతులు దగ్గరికి పోవడం కంటే, ఒక పంతులు వీధి దాటి పిల్లల దగ్గరికి పోవడంలో ప్రాణనష్టం భయం తక్కువ. అందుకని పెద్ద బడిని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో మొహల్లాలో ఒక్కో చోట పెట్టారు. మన బస్తీ కమిటీల లాంటివే అక్కడి వార్డు సంఘాలు. స్థలం చూడటం, పిల్లల జాబితా వ్రాయడం, ఆ వీధిలో ఏ పంతులు నివసిస్తున్నాడో వెతికి పట్టుకోవడం ఆ సంఘాల వంతు అయింది. తన పాత బడి అవతలి గట్టున ఉన్న ఉపాధ్యాయుడు తన ఇంటి పక్క బడిలో చేరి, ఎరగని పిల్లలకు చెప్పాడు. జీతం పేరుకే. ఆ డబ్బుతో బజారులో కొనగలిగింది దాదాపు ఏమీ లేదు.

1993 మార్చి 1న ఆలస్యమైన విద్యాసంవత్సరాన్ని అధికారికంగా ప్రారంభించారు. ఏడాది చదువును 18 వారాలకు కుదించారు. మార్కులు వేశారు, పైతరగతికి పంపారు. కాగితం కరువులో ఈ మార్కుల గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చు. మాకు మాత్రం ఇది చాలా పెద్ద విషయంగా తోస్తుంది. మార్కు వేయడమంటే ఏమిటి? వచ్చే ఏడాది నువ్వు ఫలానా తరగతిలో ఉంటావని పిల్లవాడికి మాట ఇవ్వడం. వచ్చే ఏడాది అనేది ఒకటుందని పెద్దవాళ్ళే నమ్మలేని ఊళ్ళో, పిల్లలకు ఆ మాట ఇచ్చినవాళ్ళు వాళ్ళు.

పాఠాలొక్కటే కాదు. బొమ్మలు గీయడం, పాటల బృందాలు, నాటకాలు, కథ వ్రాయడం అన్నీ నడిచాయి. భయపడిన పిల్లలతో ఎట్లా మాట్లాడాలి, వాళ్ళ చేత బొమ్మల్లో, కథల్లో ఆ భయాన్ని ఎట్లా బయట పెట్టించాలి అనే విషయంలో యూనిసెఫ్ తరఫున ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చారు. పిల్లలు ముందు గీసింది మంటలు, టాంకులు, పడిపోయిన ఇళ్ళు. యుద్ధం జరిగిన ఆ ప్రాంతమంతటినుంచి వచ్చిన బొమ్మలు, మాటలు ఏర్చి 1994లో ఒక పుస్తకంగా అచ్చువేస్తే, అది చాలా దేశాల్లో చదివారు. జ్లాతా ఫిలిపోవిచ్ అనే బాలిక డైరీ కూడా లోకానికి తెలిసింది ఇట్లాంటి దారిలోనే. 1993 వేసవిలో ఆ పిల్ల తన డైరీని ఉపాధ్యాయురాలి చేతికిస్తే, యూనిసెఫ్ సహాయంతో అది అచ్చయింది. పాఠం చెప్పడానికి వచ్చిన మనిషి పిల్ల వ్రాసుకున్నది చదవడానికి కూడా తీరిక చేసుకున్నది కాబట్టే అది సాధ్యమైంది.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఉంది. దానిని దాటిపోవడం న్యాయం కాదు. గుండ్లు పడుతున్న ఊళ్ళో పిల్లలను ఒకచోట చేర్చడం సరైన పనేనా? 1993 నవంబరు 9న అలిపాషినో పోల్యే అనే పేటలో అట్లాంటి ఒక మొహల్లా బడి మీద గుండు పడింది. పాఠం చెబుతున్న ఉపాధ్యాయురాలు, ఆమె దగ్గర చదువుకుంటున్న పిల్లలు కొందరు చనిపోయారు. బడి పెట్టకపోయి ఉంటే వాళ్ళు బ్రతికేవాళ్ళని అనేవాళ్ళు ఉంటారు. అదే పేటలో 1994 జనవరి 22న, కాల్పులు కాస్త తగ్గాయని మంచులో జారుడు ఆట ఆడుకుంటున్న ఆరుగురు పిల్లలు గుండు పడి చనిపోయారు. పిల్లలను ఎన్నాళ్ళు లోపల కట్టిపెట్టగలరు? ఏ పెద్ద తోడూ లేకపోయినా వాళ్ళు బయటికి పోతారు. కనుక ఎంపిక బడికీ భద్రతకీ మధ్య కాదు. పెద్దవాళ్ళ కనుసన్నలో, ఉన్నంతలో గట్టి గోడల మధ్య, తెలిసిన వేళకు కూడటానికీ, ఎవరికి తోచినట్టు వాళ్ళు చెదిరిపోవడానికీ మధ్య. సారయేవో ఉపాధ్యాయులు మొదటిదాన్ని ఎంచుకున్నారు. వాళ్ళది సరైన నిర్ణయమేనని మా అభిప్రాయం. అయితే పిల్లను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి ఈ మాట అనగల ధైర్యం మాకు లేదు.

ఇట్లా ఆలోచించిన మొదటివాళ్ళు వీళ్ళే కాదు. వీళ్ళకు 50 ఏళ్ళ ముందు, హిట్లరు సేనలు పోలండు రాజధాని వార్సాలో యూదులను గోడకట్టి బంధించినప్పుడు, యానుష్ కోర్చాక్ అనే పిల్లల డాక్టరు తన యతీంఖానాను ఆ గోడల లోపలే నడిపాడు. 1912 నుంచి ఆయన ఆ యతీంఖానా పెద్ద. పిల్లల తగవులు పిల్లలే తీర్చుకునే ఒక న్యాయస్థానం కూడా అందులో ఏర్పాటు చేశాడు. తిండి కరువైనా, జబ్బులు ముసిరినా, పాఠాల వేళలు, వంతు పనులు, పాటలు, ఆటలు ఆగలేదు. 1942 జూలై 18న ఆ పిల్లలు అక్కడ ఒక నాటకం ఆడారు. ఏ నాటకమో తెలిస్తే మన పాఠకులు ఆశ్చర్యపోతారు. మన రవీంద్రనాథ్ ఠాగూరు వ్రాసిన 'డాక్‌ఘర్'! జబ్బుపడి గదిలోంచి కదలలేని ఒక కుర్రవాడు కిటికీ దగ్గర కూర్చుని దారినపోయే వాళ్ళతో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ అది. గోడల మధ్య ఉన్న పిల్లలకు ఆ కథ అర్థం కావడానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేకపోయింది. నాటకం జరిగిన నాలుగు రోజులకు, జూలై 22న, వార్సానుంచి జనాన్ని మరణశిబిరానికి తరలించడం మొదలైంది. ఆగస్టు మొదట్లో ఆ పిల్లల వంతు వచ్చింది. కోర్చాక్ తప్పించుకునే వీలున్నా తప్పించుకోలేదు. వాళ్ళతోనే ట్రెబ్లింకాకు వెళ్ళి, వాళ్ళతోనే ప్రాణం విడిచాడు. యతీముల హక్కుల గురించి మనకు చిన్ననాటినుంచి చెబుతూ వచ్చిన మాటలు మనకు తెలిసినవే. ఆ మాటలను పరాయి మతంవాడు ఒకడు ఆచరించి చూపిన తీరు ఇది.

అదే కాలంలో తెరెజిన్ అనే మరొక నిర్బంధ పట్టణంలో ఫ్రీడ్ల్ డికర్ బ్రాండయిస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మల తరగతులు పెట్టింది. 1944లో తనను తీసుకుపోయే ముందు సుమారు 4,500 బొమ్మలను రెండు పెట్టెల్లో దాచి వెళ్ళింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది మిగలలేదు. బొమ్మలు మిగిలాయి, వాటి మీద వాళ్ళు వ్రాసుకున్న పేర్లతో సహా. లండనులో అన్నా ఫ్రాయిడ్ నడిపిన యుద్ధకాలపు శిశుగృహాల్లో తేలింది ఇంకొకటి. బాంబుల మధ్య తల్లి దగ్గరున్న పిల్లల కంటే, భద్రమైన చోటికి పంపబడి తల్లికి దూరమైన పిల్లలే ఎక్కువ కుంగిపోయారట.

ఎందుకిట్లా జరుగుతుంది? పిల్లలకు కాలం గడియారంతో తెలియదు, పనితో తెలుస్తుంది. ఇది బడి వేళ, ఇది ఆట వేళ, ఇది అమ్మ పిలిచే వేళ. యుద్ధం మొదట కాజేసేది ఈ వేళలనే. రేపు పది గంటలకు ఫలానా ఉస్తాద్ వస్తాడు, మెట్ల మీద నా చోటు నాకుంటుంది అని తెలిసిన పిల్లవాడికి ఆ రాత్రి దాటడానికి ఒక ఆధారం దొరుకుతుంది. రెండవది, తనలాగే భయపడినవాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారని కళ్ళారా చూస్తాడు. మూడవది, నోటితో చెప్పలేని సంగతిని బొమ్మలోనో ఆటలోనో పెట్టి బయటికి నెడతాడు. ఒంటరిగా ఆడే ఆటకూ, ఒక పెద్ద మనిషి చూస్తుండగా నియమం ప్రకారం ఆడే ఆటకూ ఇక్కడే తేడా. మిఠాయి పంచి, ఫోటో దిగి పోయే వాళ్ళ వల్ల ఈ పని కాదు. వచ్చిన మనిషే మళ్ళీ రేపూ రావాలి.

మనకు ఇది బొత్తిగా తెలియని సంగతేమీ కాదు. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో అల్లర్లు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పుడు మాకు పదేళ్ళు. యుద్ధంతో దానికి పోలిక లేదు, పోల్చడం కూడా తప్పే. కాని వీధి తలుపు మూసి, పెద్దలు గుసగుసగా మాట్లాడుకుంటుంటే పిల్లల కడుపులో పుట్టే భయం ఎట్లాంటిదో మేమెరుగుదుము. మా గల్లీలో రిటైరైన మౌల్వీ సాబ్ ఒకరు, ఇళ్ళ వెనుక దాలానుల మీదుగా దారి ఉండటం చూసి, అస్ర్ నమాజు తరువాత పిల్లలందరినీ ఒక దాలానులో కూర్చోబెట్టేవారు. మొదట పహాడాలు అప్పజెప్పాలి, తరువాత బైత్‌బాజీ. ఒకరు చదివిన షేరు చివరి అక్షరంతో ఎదుటి జట్టు మరో షేరు అందుకోవాలి. షేర్లు అయిపోతే ఓడినట్టు. ఎవరూ ఓడిపోదలచుకోలేదు కనుక, పగలంతా ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు తిరగేసి షేర్లు బట్టీపట్టేవాళ్ళం. కర్ఫ్యూ ఎప్పుడు సడలిందో మాకు గుర్తులేదు గాని, 'డాల్' అక్షరం మీద ఇరుక్కుపోయి ఓడిపోయిన సాయంత్రం మాత్రం బాగా గుర్తుంది. మౌల్వీ సాబ్‌కు సారయేవో ఎక్కడుందో తెలిసి ఉండదు. అయినా ఆ మెట్ల బడి పంతుళ్ళు తరువాత చేసిందీ, ఆయన అప్పుడు చేసిందీ ఒక్కటే.

ఈ పని అన్నిటికీ మందని అనుకోకూడదు. మాట పడిపోయిన పిల్లలు, నెలల తరబడి నిద్రపట్టని పిల్లలు ఉంటారు. వాళ్ళకు వైద్యుడే కావాలి. అట్లాగే పిల్లలను కూడబెట్టి పగ నేర్పే తరగతులు కూడా లోకంలో ఉన్నాయి. వేళ తప్పకుండా నడిచినంత మాత్రాన అవి మేలు చేసేవి కావు. ముట్టడిలో సారయేవో మెట్ల మీద ముస్లిం, సెర్బు, క్రొయేటు పిల్లలు కలిసే కూర్చున్నారు. విచారకరమైన విషయమేమంటే, యుద్ధం ముగిశాక అదే దేశంలో కొన్ని ఊళ్ళలో ఒకే భవనంలో రెండు బడులు పెట్టి, జాతిని బట్టి పిల్లలను విడదీసి చదివించే ఏర్పాటు వచ్చింది. గుండ్లు చేయలేని పని కాగితాలు చేశాయి.

2012 ఏప్రిల్ 6న, ముట్టడి మొదలై 20 ఏళ్ళయిన సందర్భంగా, చనిపోయినవారి లెక్కన సారయేవో నడివీధిలో 11,541 ఎర్ర కుర్చీలు వరుసగా వేశారు. వాటిలో 643 చిన్న కుర్చీలు. దారినపోయేవాళ్ళు ఆ చిన్న కుర్చీల మీద బొమ్మలు, పుస్తకాలు పెట్టి వెళ్ళారు. 2017 జనవరిలో ఆ నగరంలోనే యుద్ధకాలపు బాల్యానికి ఒక మ్యూజియం తెరిచారు. నాటి పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళైనవాళ్ళు, దాచుకున్న డైరీలు, ఆటవస్తువులు తెచ్చి దానికిచ్చారు.

ఇక నేటి మాట. యుద్ధప్రాంతాల్లో పిల్లలకు విడిగా ఒక చోటు కేటాయించి, వేళ ప్రకారం ఆటపాటలు నడిపే పద్ధతిని 1999లో, కొసవో యుద్ధంనుంచి పారిపోయి అల్బేనియా చేరిన శరణార్థి పిల్లల కోసం యూనిసెఫ్ మొదలుపెట్టింది. అప్పటినుంచి అది ఎన్నో దేశాలకు పాకింది. గాజాలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 2007 నుంచి కొన్నేళ్ళు వేసవి ఆటల పండుగలు జరిపింది. 2011 జూలైలో ఆ తీరంలో పిల్లలు ఒకేసారి 12,350 గాలిపటాలు ఎగరేసి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధం మొదలయ్యాక బడులన్నీ మూతపడి, ఆరు లక్షలకు పైగా పిల్లలు చదువుకు దూరమయ్యారు. బడి భవనాల్లో కుటుంబాలు కాపురముంటున్నాయి. 2024 ఆగస్టు 1న ఆ సంస్థ ఉపాధ్యాయులు అట్లాంటి 45 బడుల్లో మళ్ళీ పిల్లలను కూర్చోబెట్టడం ప్రారంభించారు. వాళ్ళు మొదట లెక్కల పుస్తకం తెరవలేదు. బొమ్మలు, పాటలు, ఆటలతో మొదలుపెట్టి, చదవడం, వ్రాయడం, లెక్కలు తరువాతకు ఉంచారు.